ప్రింటరు లేదా? అయినా పరీక్షించండి!

"కంప్యూటరు ఉంది గాని ప్రింటరు లేదు. అందుకని అచ్చుపని ఏదీ చేసి చూడలేకపోయాం." మీలో కొందరైనా ఈ మాట అనే ఉంటారు. ప్రింటరు ఉండి కూడా, ఇంకు ఎండిపోయి, పైన గుడ్డ కప్పుకొని ఓ మూల కూర్చున్న బడులూ లేకపోలేదు. మాట నిజమే. కాని దాని వెనుక ఒక నమ్మకం దాగి ఉంది. అచ్చువేసే సాఫ్ట్‌వేరు మంచిచెడ్డలను కాగితం మీదనే తేల్చాలన్నది ఆ నమ్మకం. అది సరికాదని నేనంటాను. ఇంకో మాట కూడా అంటాను: తెలుగు విషయంలో కాగితం అంత మంచి పరీక్షాధికారి కాదు. తప్పుల్లో సగం అది చూపించనే చూపించదు. ఎందువల్లనో చూద్దాం.

మీరు కొండవీడులో తొమ్మిదో తరగతి చదువుతున్నారనుకోండి. బడిలో జరిగే ప్రదర్శన కోసం కొండమీది కోట గోడలు, చెరువులు, రెడ్డిరాజుల చరిత్ర అన్నీ కలిపి నాలుగు పేజీల చిన్న పుస్తకం తయారుచేశారు. తెరమీద చూస్తే ముచ్చటగా ఉంది. పెన్ డ్రైవులో వేసుకొని, బస్సెక్కి, చిలకలూరిపేటలోనో నరసరావుపేటలోనో జిరాక్సు దుకాణానికి వెళ్ళారు. దుకాణంలో ఫైలు తెరిచేసరికి ఏముంది? 'రాష్ట్రం' అన్న మాటలో ఒత్తులు విడిపోయి దేనికదే నిలబడి ఉన్నాయి. కొన్నిచోట్ల అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు! "మీ ఫాంటు మా దగ్గర లేదు తమ్ముడూ" అన్నాడు దుకాణదారు. బస్సు ఛార్జీ పోయింది, పూట గడిచిపోయింది. ఇందులో ప్రింటరు తప్పు ఏమైనా ఉందా? దాని దాకా పని వెళ్ళనే లేదు. ఇంటి దగ్గరో బడిలోనో పది నిమిషాల్లో పట్టుకోగలిగిన తప్పు ఇది.

ఎట్లా పట్టుకోవచ్చో తెలియాలంటే, అచ్చు వేయమని మీట నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

మొదట కంప్యూటరు అక్షరాలను ఆకారాలుగా మార్చుకుంటుంది. దానికి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రపంచంలోని లిపుల అక్షరాలకు తలా ఒక సంఖ్య కేటాయించే ఏర్పాటు ఒకటి ఉంది. దాని పేరు యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే అందులో తెలుగుకు 128 గళ్ళ చోటు ఇచ్చారు. ఆ గళ్ళలో 'స' ఉంది, 'త' ఉంది, 'ర' ఉంది, పొల్లు గుర్తు ఉంది, గుడిదీర్ఘం ఉంది. కాని 'స్త్రీ' లేదు! మనం ఒకే అక్షరంగా పలికే 'స్త్రీ' కంప్యూటరు దృష్టిలో ఆరు సంఖ్యల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ ఆరింటినీ చూసి, 'స'కు గుడిదీర్ఘం తగిలించి, కింద త ఒత్తు పెట్టి, ర ఒత్తు చేర్చి ఒక్క ఆకారంగా కూర్చే సూత్రాలు ఫాంటులో రాసి ఉంటాయి. వాటిని చదివి అమలుచేసేది సాఫ్ట్‌వేరు. ఇంగ్లీషుకు ఇంత తంటా లేదు. ఒక అక్షరం పక్కన మరొకటి పేర్చుకుంటూ పోతే చాలావరకు సరిపోతుంది. ఇంగ్లీషుతో మాత్రమే పరీక్షించిన సాఫ్ట్‌వేరు తెలుగు దగ్గర తడబడటానికి కారణం ఇదే.

ఆకారాలు తయారైనాక, ఏది పేజీలో ఎక్కడ కూర్చోవాలో వర్ణించాలి. ఎడమ అంచు నుండి ఇంత దూరం, కింది అంచు నుండి ఇంత ఎత్తు అని. ఈ వర్ణనకంటూ భాషలున్నాయి. అడోబీ సంస్థ 1984లో తెచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ అటువంటిది. 1993లో అదే సంస్థ తెచ్చిన పి.డి.ఎఫ్. దానికి తమ్ముడు వంటిది. ఇందులో కొలత పాయింట్లలో ఉంటుంది. అంగుళానికి 72 పాయింట్లు. ఎ4 కాగితం వెడల్పు సుమారు 595 పాయింట్లు, పొడవు 842.

మూడో మెట్టులో ఈ వర్ణన చుక్కలుగా మారుతుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఎ4 పేజీకి అడ్డంగా 2,480, నిలువుగా 3,508 చుక్కలు పడతాయి. గుణించి చూడండి, దాదాపు 87 లక్షలు! 12 పాయింట్ల అక్షరానికి ఇందులో దక్కేవి 50 వరుసలే. తలకట్టు, అక్షరం, దాని కింద ఒత్తు, ఒక్కొక్కప్పుడు ఒత్తు కింద మరో ఒత్తు ఈ కాస్త చోటులోనే, లేదా కొంచెం కిందికి జారి, సర్దుకోవాలి. పంక్తుల మధ్య ఎడం చాలకపోతే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులమీద ఎక్కి కూర్చుంటాయి. పెట్టెలో బిగించిన శీర్షికలో అయితే ఒత్తు అడుగుభాగం కత్తిరించినట్లు తెగిపోతుంది. తెలుగు అచ్చులో తరచుగా కనిపించే లోపం ఇది.

నాలుగో మెట్టు దగ్గర గాని ఇంకు కాగితాన్ని తాకదు. అంటే నాలుగు మెట్లలో మూడు కాగితంతో పని లేకుండానే గడిచిపోతాయి. ఆ మూడింటిలో ఏ మెట్టు మీదనైనా పనిని ఆపి, ఫైలుగా బయటికి తీసి, తీరుబడిగా చూడవచ్చు. కిటుకంతా ఇక్కడే ఉంది.

ఈ కిటుకు కొత్తదేమీ కాదు. 1985లో ఆపిల్ సంస్థ లేజర్‌రైటర్ అనే ప్రింటరును అమ్మకానికి పెట్టింది. పోస్ట్‌స్క్రిప్ట్ భాషను చదివి చుక్కలుగా మార్చే మేధ, అంటే మన మూడో మెట్టు, దాని కడుపులోనే ఉండేది. ధర 6,995 డాలర్లు. మామూలు మనిషి కొనగలిగేది కాదు. పోస్ట్‌స్క్రిప్ట్‌లో రాసిన పేజీ ఎట్లా వస్తుందో చూడాలంటే అటువంటి యంత్రం దగ్గరికి పరుగెత్తవలసిందే. 1988లో పీటర్ డాయిచ్ అనే ప్రోగ్రామరు ఆ మేధను ప్రింటరులో నుండి బయటికి తెచ్చినట్లుగా, మామూలు కంప్యూటరు మీద నడిచే ఒక ప్రోగ్రాము రాశాడు. దాని పేరు ఘోస్ట్‌స్క్రిప్ట్. దయ్యంలాగా ప్రింటరు కనబడదు, ప్రింటరు చేసే పని మాత్రం జరిగిపోతుంది. పేరు భలే కుదిరింది కదూ! ఆ ప్రోగ్రాము ఈనాటికీ వాడుకలో ఉంది.

ఇప్పుడు మనకు ఆ పాటి శ్రమ కూడా లేదు. 2015లో వచ్చిన విండోస్ 10 మొదలుకొని, ప్రింటర్ల జాబితాలో 'ప్రింట్ టు పి.డి.ఎఫ్.' అని ఒకటి సిద్ధంగా ఉంటుంది. లినక్స్‌లోనూ ఆపిల్ కంప్యూటర్లలోనూ ఇలాంటిదే ఉంది. మీ ఇంట్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనులో కూడా ప్రింట్ అన్నచోట నొక్కితే పి.డి.ఎఫ్.గా దాచుకోమంటుంది. దీన్ని నేను ఉత్తుత్తి ప్రింటరు అంటాను. చిన్నపిల్లలు ఉత్తుత్తి వంట వండుకున్నట్లే. తేడా ఏమంటే, ఈ వంటను నిజంగా రుచి చూడవచ్చు.

సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళు దీన్ని ఇంకా దూరం తీసికొనిపోయారు. లినక్స్‌లో అచ్చుపనిని నడిపే కప్స్ అనే ఉచిత వ్యవస్థలో, 2019 నుండి, ప్రింటరు వేషం కట్టే చిన్న ప్రోగ్రాము ఒకటి వస్తున్నది. నెట్‌వర్కులో అది "నేను ప్రింటరును" అని చెప్పుకుంటుంది. ఫలానా సైజు కాగితం ఉందంటుంది, రంగులు వేయగలనంటుంది, పని తీసుకుంటుంది. పంపినవాడికి అవతల ఉన్నది యంత్రమో వేషగాడో తెలియదు. దీనివల్ల లాభమేమిటంటారా? నిజం ప్రింటరుతో, కాగితం అయిపోయినప్పుడు మీ ప్రోగ్రాము ఏం చేస్తుందో చూడాలంటే కాగితం తీసివేయాలి. సగంలో ఆగిపోతే ఏమవుతుందో చూడాలంటే సగంలో ఆపాలి. వంద పేజీల పనిని పరీక్షించాలంటే వంద కాగితాలు తగలేయాలి. వేషగాడి దగ్గర ఇవేవీ అక్కరలేదు. "కాగితం అయిపోయింది" అని చెప్పమంటే చెబుతాడు, ఎన్నిసార్లయినా, ఒక్క కాగితమైనా ఖర్చు లేకుండా.

పైగా ఫైలుగా దాచుకున్న పేజీలను కంప్యూటరు చేతనే పోల్చి చూపించవచ్చు. సాఫ్ట్‌వేరు మార్చకముందు తీసిన పేజీ, మార్చిన తరువాత తీసిన పేజీ పక్కపక్కన పెట్టి, 87 లక్షల చుక్కల్లో ఏవేవి మారాయో కంప్యూటరు ఒక్క క్షణంలో ఎత్తి చూపుతుంది. రెండు కాగితాలను కిటికీకి ఆనించి వెలుతురులో చూస్తూ కూర్చుంటే మనకు ఎంతసేపు పడుతుందో ఆలోచించండి.

"గట్టున కూర్చొని ఈత నేర్చుకొమ్మంటున్నారే" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కాని ఈత వేరు, అచ్చు వేరు. అచ్చుపనిలో ఎన్నడూ గట్టు మీదనే ఎక్కువ పని జరిగింది. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటరు ఒక్కొక్క అక్షరం ఏరి పేర్చాక, వెంటనే వెయ్యి కాపీలు కొట్టేవారు కారు. ముందు ఒక్క ప్రూఫు తీసేవారు. ప్రూఫు దిద్దేవాడు ఎర్రసిరాతో తప్పులు గుర్తుపెట్టేవాడు. ఆ తరువాతే ఫారం యంత్రమెక్కేది. అంతకుముందు సంగతి చూడండి. కొండవీడు రాజధానిగా ఏలిన పెదకోమటి వేమారెడ్డి కొలువులో మహాకవి శ్రీనాథుడు విద్యాధికారి. కొండవీటికి దగ్గరలోనే ఉన్న ఫిరంగిపురంలో 1409 నాటి శాసనం ఆయన రచనే. రాతిలో తప్పు పడితే చెరపడానికి రబ్బరు లేదు. పాఠం ఏదైనా ఉలి తగలకముందే సరిచూసుకోవాలి. ఈనాటికీ శిలాఫలకం చెక్కేవాళ్ళు ముందు రంగుతో అక్షరాలు రాసుకొని, మనచేత చదివించి, తరువాతనే ఉలి అందుకుంటారు. చివరి వస్తువు ఎంత ఖరీదైనదైతే, దానికి ముందు జరిగే పరీక్ష అంత గట్టిగా ఉండాలి. ఉత్తుత్తి ప్రింటరు ఆ రంగురాత వంటిది.

ఇక, కాగితం తప్పులు దాస్తుందన్నాను గదా, ఆ సంగతి. నాకు అసలు పట్టింపు ఇక్కడే.

పి.డి.ఎఫ్. ఫైలు లోపల ఉండేవి ముఖ్యంగా అక్షరాలు కావు, ఆకారాల సంఖ్యలు, వాటి స్థానాలు. "ఫాంటులో 214వ ఆకారాన్ని ఇక్కడ పెట్టు" అన్నట్లుగా ఉంటుంది ఆ రాత. ఏ ఆకారం ఏ అక్షరమో చెప్పే పట్టిక ఒకటి దానితోపాటు వేరుగా ఉండాలి. ఆ పట్టిక లేకపోయినా, తప్పుగా ఉన్నా పేజీ చక్కగానే కనిపిస్తుంది. ప్రింటు తీస్తే కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు వస్తాయి. కాని ఆ ఫైలులో 'కొండవీడు' అని వెతకండి, దొరకదు. ఒక పేరా కాపీ చేసి వేరేచోట అతికించండి, ఒత్తులు ముందూ వెనుకా అయి, పనికిరాని చెత్త పడుతుంది.

యూనికోడ్ అందరికీ అందకముందు తెలుగు డి.టి.పి. మనకు వేరే దారిలో వచ్చింది. అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లు మన పత్రికలకూ పుస్తకాలకూ ఎంతో సేవ చేశాయి. కాని ఆనాటి పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల గళ్ళలోనే తెలుగు ఆకారాలను దాచేవారు. ఆ ఫాంటు ఉన్నచోట తెలుగు, లేనిచోట ఇంగ్లీషు అక్షరాల గలాటా. కాగితం మీద అచ్చు పడేదాకానే ఆలోచించిన రోజులవి కాబట్టి ఆ పద్ధతి అప్పటికి సరిపోయింది. అట్లా తయారైన ఫైళ్ళు ఇప్పటికీ కోకొల్లలు.

దీనివల్ల ఎవరికి నష్టం? చూపు లేని మీ తోటి విద్యార్థిని తలచుకోండి. ఆమె పాఠాన్ని కంప్యూటరు చేత చదివించుకొని వింటుంది. కంప్యూటరు చదివేది ఆకారాలను కాదు, వాటి వెనుక ఉన్న అక్షరాలను. పట్టిక చెడిన పుస్తకం మీకు కనులవిందుగా ఉంటుంది, ఆమెకు మాత్రం అది తెల్లకాగితంతో సమానం. ప్రింటరు పక్కన నిలబడి, బయటికొచ్చిన కాగితం చూసి "బాగుంది" అని వెళ్ళిపోయేవాడికి ఈ తప్పు జన్మలో కనిపించదు. ఫైలును పట్టుకొని పరీక్షించేవాడికి రెండు నిమిషాల్లో కనిపిస్తుంది. అందుకే ప్రింటరు లేకపోవడం లోటు అని నేను అనుకోను. అది ఉంటే మనం కాగితం చూసి ఆగిపోతాం.

"ఇవన్నీ పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు చూసుకోరా?" అంటారేమో. చూసుకుంటారు, కాని అన్నీ చూడలేరు. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. తెలుగు 'జ్ఞా' అక్షరం ఉన్న ఒక సందేశం తెరమీద పడగానే ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలిపోయేది. తెరిచిన ప్రతిసారీ అంతే. మనం రోజూ రాసే 'విజ్ఞానం'తో ప్రమాదం లేదు. 'జ్ఞ'కూ దీర్ఘానికీ మధ్య, కంటికి కనిపించని ఒక సంకేతం ఇరుక్కున్నప్పుడే ఇది జరిగేది. మన మొదటి మెట్టు గుర్తుందా, అక్షరాలను ఆకారాలుగా కూర్చే మెట్టు? తప్పు అక్కడే ఉంది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇటువంటి కూర్పులు కొన్ని అదే పని చేశాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 8 కోట్లకు పైగా ఉన్నారు. ఇంతమంది రాసే లిపిలోని ఒక కూర్పు, అంత పెద్ద సంస్థ పరీక్షల్లో పడకుండా జారిపోయింది! తెలుగు పరీక్షలు తెలుగువాళ్ళు చేయకపోతే మరెవరు చేస్తారు?

మీరు చేయవచ్చు. ఒక పేజీ పరీక్షాపత్రం తయారుచేయండి. అందులో తేలిక మాటలు వద్దు. స్త్రీ, రాష్ట్రం, విజ్ఞానం, వైశాల్యం, లక్ష్మి, ఉత్కృష్టం, సంస్కృతి వంటివి వేయండి. పెద్ద శీర్షికలో ఒకసారి, చిన్న అక్షరాల్లో ఒకసారి, పట్టిక గడిలో బిగించి ఒకసారి. ఫాంటు యూనికోడ్‌ది ఎంచుకోండి. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఉచిత ఫాంట్లు ఉన్నాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర అని వాటి పేర్లు. 1515లో కొండవీడు కోటను పట్టుకున్న శ్రీకృష్ణదేవరాయల పేరు మీద కూడా ఒకటుంది. కోట మీద పుస్తకానికి ఆ ఫాంటు వాడితే తమాషాగా ఉంటుంది. కవులు గొప్పవారే గాని, వారి పేరుతో ఉన్న ఫాంటునైనా సరే పరీక్షించకుండా వదలవద్దు!

ఈ పేజీని ఉత్తుత్తి ప్రింటరుకు పంపండి. వచ్చిన పి.డి.ఎఫ్.ను బాగా పెద్దది చేసి, ఒత్తులు తెగాయా, ఒకదానిమీద ఒకటి పడ్డాయా చూడండి. తరువాత మాటలను కాపీ చేసి అతికించి, అసలుదానితో పోల్చండి. 'విజ్ఞానం' అని వెతికించండి. ఫైలు వివరాల్లో ఫాంట్ల జాబితా ఉంటుంది. ఫాంటు ఫైలు లోపలే పొదిగి ఉన్నట్లు అక్కడ కనిపిస్తే, ఇందాకటి దుకాణంలో డబ్బాలు రావు. అనుమానంగా ఉంటే ఆ ఫాంటు లేని మరో కంప్యూటరులోనో, ఎవరి ఫోనులోనో తెరిచి చూడండి. చివరగా, ఫోనులో బిగ్గరగా చదివించి కళ్ళు మూసుకొని వినండి. ఈ పరీక్షే అన్నిటికంటే కఠినమైనది.

తప్పు దొరికితే దాచుకోకండి. లిబ్రెఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లకు లోపాలు తెలియజేసే ఏర్పాటు ఉంది. "తెలుగు సరిగా రావడం లేదు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ మాట, ఏ ఫాంటు, ఏ సైజు, ఏం రావాలి, ఏం వచ్చింది అని రాసి, మీ పి.డి.ఎఫ్.ను జతచేయండి. ప్రయోగశాల రికార్డు రాసినట్లే. తెలుగు ఒక్క ముక్క రాని ప్రోగ్రామరు కూడా దాన్ని చూసి తప్పు ఎక్కడుందో వెతకగలడు.

ఇంత చేసినా, ఫైలు చెప్పలేనివి కొన్ని మిగులుతాయి. ఇంకు పీల్చుకునే నాసిరకం కాగితం మీద సన్నని ఒత్తు మసకబారుతుందా అన్నది తెరమీద తెలియదు. తెరమీది రంగు కాగితం మీద అట్లాగే రాదు. చాలా ప్రింటర్లు కాగితం అంచుల దాకా అచ్చువేయలేవు, అందుచేత అంచుకు ఆనించి పెట్టిన పేజీ సంఖ్య మాయం కావచ్చు. రెండు వైపులా అచ్చువేసినప్పుడు వెనుక పేజీ తలకిందులుగా పడవచ్చు. ఇవి నాలుగో మెట్టు సంగతులు, వాటికి నిజం ప్రింటరే కావాలి. కాబట్టి దుకాణానికి వెళ్ళినప్పుడు యాభై కాపీలూ ఒక్కసారే తీయమనకుండా, ముందు ఒక్కటి తీయించుకొని, ఈ నాలుగూ చూసుకొని, అప్పుడు మిగతావి తీయమనండి.